గుంత తీయకుండా లేచిన అడవి: దాని చరిత్రలో మన పేరు ఎక్కడ?

పోస్టు పెద్దగా ఉంది. ఒక్కసారికి కాకపోతే రెండుసార్లుగా చదవండి, కానీ చివరిదాకా చదవండి. చివర్లో మనందరం చేయాల్సిన పని ఒకటుంది.

పోయిన ఎండాకాలం సెలవులకు మేం హాస్టల్ నుంచి ఊరికి పోయేసరికి ఊరి పక్క గుట్ట మీద గుంతలు తీస్తున్నారు. వానాకాలంలో మొక్కలు నాటడానికట. గుంతకు గుంతకు మూడు మీటర్లు, తాడు పట్టి వరుసలు కొట్టారు. ఆ వరుసల్లో అడ్డమొచ్చిన నల్లమద్ది, టేకు, తునికి పిలకలను నరికి పక్కన కుప్పలేశారు. నడుమెత్తు పెరిగినవి అవి. కూలికి పోయింది మనోళ్లే. ఫీజులకు పనికొస్తాయని మేం కూడా రెండు రోజులు పోయినం, దాచుకోవడం ఎందుకు.

మూడో రోజు తాత ఒకాయన ఆ కుప్ప పక్కన కూర్చొని, "ఉన్న చెట్టును కొట్టి లేని చెట్టును పెడుతుండ్రు. ఈ పిలకలకు మేం ఎన్నేండ్లు కావలి కాసినమో మీకేమెరుక బిడ్డా" అన్నాడు. మాకు నిజంగానే ఎరుక లేదు. గుట్ట కింద తుప్పు పట్టి వంగిపోయిన బోర్డు ఒకటి చిన్నప్పటి నుంచి చూస్తున్నాం. దాని మీద 'వన సంరక్షణ సమితి' అని ఉంటుంది. అదేంటని ఎప్పుడూ అడగలేదు. హాస్టల్‌కు తిరిగొచ్చాక లైబ్రరీలో, ఫోన్‌లో దొరికినంత చదివాం. ఈ పోస్టు అందులోంచి వచ్చిందే.

అడవి తనంతట తాను ఎట్లా లేస్తుంది

ఇది మనకు తెలిసిందే, కానీ పుస్తకం భాషలో ఎప్పుడూ చెప్పుకోలేదు. కొట్టేసిన అడవి మూడు దారుల్లో తిరిగి వస్తుంది. ఒకటి, మోడు నుంచి పిలకలు. టేకు, నల్లమద్ది, చిరుమాను ఇట్లా లేస్తాయి. రెండు, వేరు నుంచి పిలకలు. తునికి, మోదుగు ఇందులో మొండివి, ఎంత కొట్టినా భూమిలోంచి మళ్లీ వస్తాయి. మూడు, గింజ. నేరేడు పండును పిట్ట తీసుకుపోతుంది, ఇప్ప కాయను గబ్బిలం తీసుకుపోతుంది.

ఇంకో సంగతి ఉంది. ప్రతి ఎండాకాలం మంట వచ్చి పిల్ల మొక్క పైభాగం కాలిపోయినా చాలా జాతుల్లో వేరు చావదు. వానలకు మళ్లీ చిగురేస్తుంది, మళ్లీ కాలుతుంది. పైన చూస్తే జానెడు కూడా ఉండదు, కింద వేరు మాత్రం ఏటేటా లావెక్కుతుంది. అట్లాంటి నేలను నాలుగైదేళ్లు మంట నుంచి, పశువుల నుంచి, గొడ్డలి నుంచి కాపాడితే చాలు, వేరులో దాచుకున్న బలమంతా ఒక్కసారి పైకి లేస్తుంది. అటవీ శాఖ భాషలో దీన్ని 'రూట్ స్టాక్' అంటారు. మనిషి కొంచెం చేయి వేసి అడవిని ఇట్లా లేపడాన్ని 'సహాయక సహజ పునరుత్పత్తి' అంటారు. మోడుకు ఏడెనిమిది పిలకలొస్తే గట్టిది ఒకటో రెండో ఉంచి మిగతావి కోసేయడం, అగ్గి గీతలు తీయడం, తీగలు తెంపడం, కొన్నేళ్లు మేతకు మూసేయడం, కావలి కాయడం. ఇదీ ఆ చేయి వేయడం. అంటే 'తనంతట తాను' అన్న మాటలో చాలామంది చెమట దాగి ఉంది.

పోడును నాశనమన్నారు, కూపును శాస్త్రమన్నారు

మన దేశంలో సర్కారు అడవిని నాటడం కేరళలోని నీలంబూర్‌లో మొదలైందని చెప్తారు. 1840ల్లో మలబార్ కలెక్టర్ కొనొల్లీ, ఆయన కింద పనిచేసిన చాతు మేనన్ అక్కడ టేకు తోట పెంచారు. ఓడలకు కలప కావాలి కాబట్టి. 1846 నాటి టేకు చెట్లు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. తర్వాత 1864లో దేశానికి అటవీ శాఖ వచ్చింది. 1878లో భారత అటవీ చట్టం, 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాయి. అడవికి హద్దు రాళ్లు పడ్డాయి. మన అడవి 'రిజర్వు' అయింది.

అయితే తెల్లవాళ్లు అంతటా నాటలేదు. మామూలు కలపకు, వంటచెరకుకు నాటడం దండగ అని వాళ్లకు తెలుసు. అందుకని అడవిని ముక్కలు చేసి, ఏడాదికో ముక్క కొట్టి, మోడుల నుంచి మళ్లీ లేచేదాకా ఆ ముక్కను వదిలేసేవాళ్లు. ఆ ముక్కనే ఇప్పటికీ మనోళ్లు 'కూపు' అంటారు. కొట్టడం, వదలడం, మళ్లీ లేవడం. ఇదే కదా పోడులోనూ జరిగింది! మన పెద్దలు ఒక చెక్క కొట్టి, కాల్చి, రెండు మూడేళ్లు పంట తీసి, దాన్ని ఏండ్ల తరబడి వదిలేసి ఇంకో చెక్కకు పోయేవాళ్లు. ఇప్ప, చింత లాంటి చెట్లను కొట్టేవాళ్లు కాదు. మోడులను వేళ్లతో పీకేవాళ్లు కాదు. వదిలేసిన చెక్కలో అడవి మళ్లీ లేచేది. 1940ల్లో కొండరెడ్ల దగ్గర, గోండుల దగ్గర ఉండి రాసిన హైమెన్‌డార్ఫ్ పుస్తకాల్లో ఆనాటి సేద్యం, బతుకు వివరంగా కనిపిస్తాయి.

పోడూ కూపూ ఒకటే అని మేం అనడం లేదు. పోడులో నిప్పు ఉంది, పంట ఉంది. కానీ రెండూ నమ్ముకున్నది ఒక్కదాన్నే, భూమిలో చావకుండా ఉన్న వేరును. ఒకదాన్ని శాస్త్రమని ప్లానులో రాశారు. ఇంకోదాన్ని నేరమని కేసు రాశారు. రిజర్వు హద్దులు దగ్గరికొచ్చిన కొద్దీ తిరగడానికి చోటు తగ్గింది. ఇరవై ఏండ్లు వదిలే చెక్కను అయిదేండ్లకే మళ్లీ కొట్టాల్సి వచ్చింది. అప్పుడు అడవి లేవడం నిజంగానే తగ్గింది. ఆ తగ్గడాన్ని చూపించి "చూడండి, పోడుతో అడవి పోతోంది" అన్నారు. ఆంక్షల మీద కోపం ఎక్కడిదాకా పోయిందో మనకు తెలుసు. 1922 నుంచి 1924 దాకా మన్యంలో అల్లూరి వెంట నడిచింది మనోళ్లే. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణం ఇచ్చింది జల్, జంగల్, జమీన్ కోసమే.

జామాయిల్ కాలం, ఆరాబారి పాఠం

స్వాతంత్ర్యం వచ్చాక కథ మారుతుందనుకుంటాం. మారలేదు. 1976లో జాతీయ వ్యవసాయ కమిషన్ అడవులను పరిశ్రమల అవసరానికి తగ్గట్టు పెంచాలని సిఫారసు చేసింది. రాష్ట్రాల్లో అటవీ అభివృద్ధి కార్పొరేషన్లు వచ్చాయి. మన దగ్గర 1975లోనే వచ్చింది. పది రకాల చెట్లున్న అడవి పోయి ఒకే వరుస, ఒకే ఎత్తు జామాయిల్ వచ్చింది. జామాయిల్ తోటలో పువ్వు ఏరుకోవడానికి ఉండదు, ఆకు కోసుకోవడానికి ఉండదు, గడ్డ తవ్వుకోవడానికి ఉండదు. అది కాగితానికి అడవి, మనిషికి కాదు.

దాదాపు అదే రోజుల్లో పశ్చిమ బెంగాల్ మిడ్నాపూర్ జిల్లా ఆరాబారిలో ఇంకో కథ నడిచింది. 1972 ప్రాంతంలో అజిత్ కుమార్ బెనర్జీ అనే అటవీ అధికారి 11 ఊళ్లకు చెందిన 618 కుటుంబాలతో మాట్లాడాడు. సుమారు 1,272 హెక్టార్ల అడవి. అక్కడి సాల చెట్లను, మన దగ్గర గుగ్గిలం అంటామే వాటిని, నరికి నరికి పొదలు చేసి పెట్టారు. కానీ మోడులు బతికే ఉన్నాయి. ఒప్పందం ఇది: ఊళ్లవాళ్లు కొట్టకుండా కాపాడాలి. శాఖ వాళ్లకు పని చూపించాలి, కట్టె, ఆకు తెచ్చుకోనివ్వాలి, చెట్లు ఎదిగి కోసినప్పుడు నికర ఆదాయంలో 25 శాతం ఇవ్వాలి. చాలా భాగంలో కొత్తగా నాటకుండానే మోడుల నుంచి సాల అడవి లేచింది.

ఇక్కడ ఒకటి గమనించాలి. మోడు నుంచి సాల లేస్తుందని శాఖకు ముందే తెలుసు. ఆరాబారిలో కొత్తగా నేర్చుకున్నది చెట్టు గురించి కాదు. అడవిలో వాటా ఉందని నమ్మకం కుదిరితే ఊరే కావలి కాస్తుందని.

బోర్డు కథ

ఆరాబారి దేశమంతా పాకడానికి ఇంకో పదిహేనేళ్లు పట్టింది. 1988 జాతీయ అటవీ విధానం అడవి మీద బతికే వాళ్ల అవసరాలకు మొదటి చోటు ఉండాలంది. 1990 జూన్ 1న కేంద్రం రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది: క్షీణించిన అడవులను లేపడంలో గ్రామాలను కలుపుకోండి, ఫలితంలో వాటా ఇవ్వండి అని. 1992లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉత్తర్వు ఇచ్చింది. అట్లా వచ్చినవే వన సంరక్షణ సమితులు, మన నోట్లో వి.ఎస్.ఎస్‌లు. 1994 నుంచి ప్రపంచ బ్యాంకు అప్పుతో అటవీ ప్రాజెక్టు నడిచింది. 2002 నుంచి దాన్నే సామాజిక అటవీ యాజమాన్యం అన్నారు. రాష్ట్రంలో వేల సమితులు ఏర్పడ్డాయి. మా గుట్ట కింద తుప్పు పట్టిన బోర్డు ఆ రోజులదే.

తాత చెప్పింది ఇది. ఇంటికొకరు చొప్పున వంతులేసుకున్నారు. రోజూ ఇద్దరు గుట్ట చుట్టూ తిరగాలి. మేకలను ఆ దిక్కు తోలితే దండుగ. పక్క ఊరోళ్లు గొడ్డళ్లతో వస్తే మాట్లాడి వెనక్కి పంపారు, ఒకసారి కొట్లాట దాకా పోయింది. పిలకలు కోసే పనికి కూలి ఇచ్చారు, కావలికి మాత్రం పెద్దగా ఏమీ రాలేదు. ప్రాజెక్టు డబ్బు ఆగినంక మీటింగులు ఆగాయి, సంతకాలకు వచ్చేవాళ్లు ఆగారు. "మేం మాత్రం ఇంకా శానా ఏండ్లు కాసినం. గుట్ట పచ్చగ అయితుంటె ఎట్లిడుస్తం?" అన్నాడు.

వి.ఎస్.ఎస్‌లతో మేలు జరిగిన ఊళ్లున్నాయి. వాగు మళ్లీ పారిందని చెప్పేవాళ్లున్నారు. అదే సమయంలో సమితి పేరు మీద మన పోడు చెక్కల్లో మొక్కలు నాటారని, భూమి పోయిందని చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. రెండూ నిజమే. అసలు లోపం ఏమిటంటే, సమితి ఉత్తర్వు మీద పుట్టింది. ఉత్తర్వు ఇచ్చినవాళ్లు తీసేసుకోవచ్చు. ఊరు కావలి కాసింది, పెత్తనం మాత్రం ఊరిది కాలేదు.

చట్టంలో ఉన్న ఆ ఒక్క మాట

2006 డిసెంబర్‌లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. మనలో ఎక్కువమందికి ఆ చట్టం అంటే పోడు పట్టా. అది ఒక భాగమే. సెక్షన్ 3(1)లో (ఐ) అనే క్లాజు చదవండి. సంప్రదాయంగా కాపాడుకుంటూ వస్తున్న సామూహిక అటవీ వనరును రక్షించే, పునరుద్ధరించే, పరిరక్షించే, నిర్వహించే హక్కు మనదని ఉంది. అందులో 'పునరుద్ధరించే' అన్న మాట దగ్గర మేం ఆగిపోయాం. మోడును మళ్లీ చెట్టు చేయడం ఆ మాటలోకే వస్తుంది. నూటయాభై ఏండ్లలో మొదటిసారి అది మనకిచ్చే కూలి పనిలా కాకుండా, మన హక్కులా చట్టంలోకి ఎక్కింది. సెక్షన్ 5 ప్రకారం అడవిని కాపాడే అధికారం గ్రామసభకు ఉంది.

ఈ హక్కు వాడుకున్న ఊరు మనకు దూరం కాదు. గడ్చిరోలి జిల్లా మెండా లేఖా, మన గోండుల ఊరే. 2009లో సుమారు 1,800 హెక్టార్ల మీద సామూహిక హక్కు పత్రం తీసుకుంది. 2011 ఏప్రిల్‌లో వెదురు రవాణా పాసులిచ్చే పుస్తకం గ్రామసభ చేతికి వచ్చింది. ఏ వెదురు కొట్టాలి, ఏది ఉంచాలి అన్నది ఊరే కూర్చొని తేల్చుకుంది.

మరి మన దగ్గర? ఉమ్మడి రాష్ట్రంలో సామూహిక పత్రాలు చాలా చోట్ల గ్రామసభ పేరున కాకుండా వి.ఎస్.ఎస్‌ల పేరున ఇచ్చారు. చట్టం చెప్పింది గ్రామసభ అని, కాగితం మీద ఎక్కింది సమితి అని. మీ ఊరి పత్రం ఉంటే ఒకసారి తీసి ఎవరి పేరున ఉందో చూడండి.

డబ్బు గుంతను ఎందుకు ఇష్టపడుతుంది

ఇప్పుడు డబ్బుకు కొదవ లేదు. గనులకు, డ్యాములకు, రోడ్లకు అడవి ఇచ్చినప్పుడు కట్టించుకునే సొమ్ము కంపా నిధి. 2016లో దానికి చట్టం వచ్చింది. 2019 ఆగస్టులో 47 వేల కోట్లకు పైగా రాష్ట్రాలకు పంచారు. 2018 నియమాల్లో ఆ డబ్బుతో చేయదగిన పనుల్లో సహాయక సహజ పునరుత్పత్తి కూడా ఉంది. తెలంగాణలో 2015లో మొదలైన హరితహారం 230 కోట్ల మొక్కల లక్ష్యంలో 100 కోట్లు అడవి లోపలివి. అందులోనూ ఎక్కువ భాగం వేళ్ల నుంచి మళ్లీ లేపేవేనని ప్రణాళిక. అంటే సర్కారుకు ఈ సంగతి తెలియదని అనలేం. కాగితం మీద తెలుసు.

అయినా గుట్ట మీదికి వచ్చేది గుంతే. ఎందుకని మేం చాలా మాట్లాడుకున్నాం. గుంతను లెక్కపెట్టొచ్చు. మూడు మీటర్లకొకటి అంటే హెక్టారుకు దాదాపు 1,100. గుంతకింత, మొక్కకింత, నీళ్లకింత అని బిల్లు రాయొచ్చు. మొక్క పక్కన నిలబడి ఫోటో దిగొచ్చు. కొట్టకుండా ఉన్న చెట్టుకు, రాని మంటకు, తోలని మేకకు బిల్లు ఎట్లా రాస్తారు? ఇంకో మెలిక కూడా ఉంది. కంపా పనులు గ్రామసభతో 'లేదా' సమితితో సంప్రదించి చేయాలని నియమం. ఆ 'లేదా' ఉన్నంత కాలం గ్రామసభను అడగకుండానే గుంత తీయొచ్చు. మా గుట్ట గురించి గ్రామసభ కూర్చున్నట్టు ఊళ్లో ఎవరికీ గుర్తులేదు.

నాటడమే తప్పని మేం అనడం లేదు. గని తవ్విన నేలలో, పైమట్టి కొట్టుకుపోయిన చోట వేరే మిగలదు, అక్కడ నాటాల్సిందే. వేరు బతికి ఉన్న చోట ముందు వేరును అడగాలి అంటున్నాం, అంతే.

మన దిక్కు కూడా చూసుకుందాం

తప్పంతా అవతలివాళ్లదే అంటే అది చరిత్ర కాదు. ఇప్పపువ్వు ఏరే రోజుల్లో చెట్టు కింద ఆకులకు మనమే అగ్గి పెడతాం. అది అక్కడ ఆగదు, గుట్ట ఎక్కుతుంది. తునికాకు చిగురు బాగా రావాలని కూడా పెడతారు. ఆ మంటకు పాత వేరు తట్టుకుంటుంది, కానీ మొన్నటి వానకు మొలిచిన ఇప్ప మొక్క తట్టుకోదు. మన ఇప్ప చెట్లన్నీ ముసలివైపోతున్నాయి, కింద పిల్ల చెట్టు కనిపించదు. ఆకు ఊడ్చి, ఒక్కచోట కుప్పేసి, పక్కన నిలబడి కాల్చొచ్చు. పాత గుడ్డలో చీరలో పరిచి పువ్వు పట్టొచ్చు. హక్కు అడిగే ముందు ఈ పనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఈ సెలవుల్లో చేయాల్సిన పని

సామూహిక అటవీ వనరుల హక్కుకు ఫారం 'సి' ఉంటుంది. గ్రామసభ, అటవీ హక్కుల కమిటీ ద్వారా పెట్టాలి. దావా పెట్టుకోవడానికి చట్టంలో ఆఖరి తేదీ లేదు. సాక్ష్యాలేమిటో నియమాల్లో 13వ నియమం చెప్తుంది. పువ్వు, గడ్డలు, మేత తెచ్చుకునే చోట్లు, దేవుడి చెట్లు, చెలమలు, శ్మశానాలు అన్నీ సాక్ష్యమే. వాటితో పాటు పెద్దమనుషులు చెప్పిన మాట రాసి పెట్టినా అది కూడా సాక్ష్యమే.

ఇది చదివినప్పుడు మాకు కొంచెం భయమేసింది. మా గుట్టకు వంతులేసుకుని కావలి కాసినవాళ్లలో ఇప్పుడు బతికున్నది ఎంతమంది? వాళ్ల వంతుల లెక్క ఏ ఆఫీసు ఫైల్లో ఉందో, అసలు ఉందో లేదో. వాళ్ల తలలో ఉన్నదే మనకున్న రికార్డు. వాళ్లు పోతే ఆ గుట్టను శాఖ పెంచిందని రాస్తారు, లేదా అది ఖాళీ నేల అని రాసి గుంతలు తీస్తారు.

అందుకని ఒక నోట్‌బుక్ కొనండి. మీ తాత దగ్గర, అవ్వ దగ్గర, పటేల్ దగ్గర కూర్చోండి. ఏ గుట్ట, ఏ వాగు నుంచి ఏ బండ దాకా, ఎప్పటి నుంచి కాశారు, వంతు ఎట్లా వేసుకున్నారు, దండుగ ఎంత, ఎవరితో కొట్లాట అయింది, ముందు ఏ చెట్టు లేచింది, అన్నీ రాయండి. వాళ్ల మాట మన భాషలోనే ఉండనివ్వండి, కింద తెలుగులో రాయండి. తేదీ వేసి వేలిముద్రో సంతకమో తీసుకోండి. గ్రామసభలో చదివి వినిపించి తీర్మానంలో పెట్టించండి. మనలో చాలామందిమి ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లం. రాయడం వచ్చినందుకు ముందు చేయాల్సింది ఇదేనేమో.

మేం మొదలుపెట్టాం. తాత చెప్పినవి పద్నాలుగు పేజీలు అయ్యాయి, ఇంకా ఇద్దరు ఉన్నారు. పోయిన నెల ఇంటికి పోయినప్పుడు గుట్ట ఎక్కి చూశాం. నాటిన మొక్కలు కొన్ని బతికాయి, కొన్ని ఎండిపోయాయి. నరికేసిన మద్ది మోడుల నుంచి మాత్రం మళ్లీ పిలకలు వచ్చాయి, మోకాలెత్తు ఉన్నాయి. ఈసారి వాటి మీదికి ఎవరైనా గొడ్డలి తెచ్చేలోపు మన కాగితం తయారుగా ఉండాలి.

మీ ఊళ్ల సంగతులు కింద రాయండి. ఫారం గురించి తెలిసిన అన్నలు, అక్కలు మాకు తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాం.

జోహార్. జల్, జంగల్, జమీన్.